నూతనభాషా సంభాషణాభ్యాసము: ఉప్పలు, నాచారము ప్రాంతముల నిదర్శనము

వాక్కు లేనిచో లోకయాత్ర సాగదని ఆలంకారికుడగు దండి యభిప్రాయము. ఆ వాక్కు స్వభాషయందు తల్లి యొడిలోననే యబ్బును. పరభాషయందో, వయస్సు వచ్చినవానికి అది ప్రయత్నసాధ్యము. ఈ ప్రయత్నము రెండు తెఱగులు. కావ్యశాస్త్రములను చదివి యర్థము చేసికొనుటకై నేర్చుట యొకటి. అంగడిలో బేరమాడుటకును, పొరుగువానిని కుశలమడుగుటకును, అధికారి యెదుట తన మొఱ వినిపించుకొనుటకును నేర్చుట రెండవది. మొదటిదానికి కాలము గలదు, రెండవదానికి లేదు. ఊరు చేరిన మరునాడే మంచినీళ్లెక్కడ దొరకునో యడుగవలసి యుండును.

ఈ రెండవ ప్రయోజనమునకై పరభాషీయులు తెలుగును శీఘ్రముగ నెట్లు నేర్చిరి, అందులకై యెట్టి గ్రంథములు పుట్టెను, పండితుల బోధ వారి కెంతవఱకు తోడ్పడెను అనునవి భాషాచరిత్రలో విచారింపదగిన విషయములు. ఈ విచారమునకు హైదరాబాదు తూర్పుభాగముననున్న ఉప్పలు, నాచారము అను స్థలములు మంచి నిదర్శనములు. భాషాబోధనకై యేర్పడిన గొప్ప విద్యాసంస్థలు వీనికి సమీపముననే వెలసినవి. ఏ గురువును, ఏ పుస్తకమును లేక పరభాషను నేర్చుకొనుచున్న వేలకొలది కార్మికులును ఇచ్చటనే నివసించుచున్నారు. ఈ రెండు వర్గములను పక్కపక్కన నుంచి చూచినగాని సంభాషణాభ్యాసముయొక్క తత్త్వము బోధపడదు.

స్థలనామములు

ఉప్పలు హైదరాబాదునుండి ఓరుగల్లునకు పోవు మార్గమున, మూసీనదికి ఉత్తరమున నున్నది. నాచారము ఉప్పలునకు ఉత్తరమునను, తార్నాకకు తూర్పునను గలదు. ఈ ప్రాంతపు పేర్లనే పరిశీలించినచో భిన్నభాషీయుల చిరసాంగత్యము తెల్లమగును. ప్రభుత్వ వ్యవహారమున ఈ యూరు ఉప్పల్ కలాన్ అని ప్రసిద్ధము. 2007వ సంవత్సరమున మహానగరపాలకసంస్థలో చేరువఱకు ఇచ్చటి పురపాలకసంఘమునకును అదియే పేరు. ఇందు ‘కలాన్’ అనునది ‘పెద్ద’ యను నర్థముగల పారసీక పదము. ఉప్పల్ భగాయతు అను పేరిలోని రెండవ పదము తోటభూములను సూచించును. అదియు పారసీకమునుండి వచ్చినదే. హబ్సిగూడ యను పేరున అబిసీనియా దేశీయులను తెలుపు ‘హబ్షీ’ శబ్దమునకు తెలుగు ‘గూడ’ జతపడినది. తార్నాకలోని ‘నాకా’ హిందుస్తానీలో కాపలాచౌకికి పేరు.

ఇట్టి సమాసములను వ్యాకరణవేత్తలు కూర్చినవారు కారు. భూమికొలతకు వచ్చిన ఉద్యోగియు, శిస్తు కట్టవచ్చిన రైతును ఒకరిమాట నొకరు గ్రహింపవలసి వచ్చినపుడు నోటనుండి నోటికి ఇవి స్థిరపడినవి. సంభాషణావశ్యకత భాషయందు తన ముద్రను వేయునని వీనివలన దెలియుచున్నది.

గోలకొండ కాలము

పరభాషను ఆ జనులనడుమ నివసించి నేర్చినవారిలో గోలకొండ సులతాను ఇబ్రహీం కుతుబ్‌షా ప్రసిద్ధుడు. అన్నయగు జంషీదు భయమున నతడు 1543 ప్రాంతమున విజయనగరమున అళియ రామరాయల శరణు జొచ్చి, దాదాపు ఏడేండ్లు అచ్చట గడపెను. 1550లో మరలివచ్చి సింహాసనమెక్కి 1580 వఱకు పాలించెను. ప్రవాసమున నబ్బిన తెలుగు అతనికి పాలనయందును, సాహిత్యగోష్ఠియందును ఉపకరించెను. తెలుగు కవులు మల్కిభరాముడని పొగడినది ఈతనినే. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానమును ఈతని కంకితము చేసెను. ఈతని యుద్యోగియగు అమీనుఖానునకు పొన్నిగంటి తెలగనార్యుడు అచ్చతెనుగు కావ్యమగు యయాతిచరిత్రమును అంకితమిచ్చెను. రాజపుత్రునికైనను పరభాష సుళువుగ నలవడుటకు శరణార్థియై పరదేశమున నుండవలసివచ్చుట ముఖ్యకారణము. అవసరమును, ఎల్లవేళల వినవచ్చు మాటయును అతని గురువులు.

ప్రభువు నేర్చినట్లే ప్రజలును నేర్చిరి. దక్కనీ యను ఉరుదూభేదమును పరికించినచో, అది తెలుగు, మరాఠీ, కన్నడముల నడుమ పెరిగినదని స్పష్టము. తెలుగున ‘వస్తాను అని చెప్పిండు’ అనునట్లే, దక్కనీలో ఇతరుని మాటను ‘బోల్‌కే’ యను పదముతో ముగించి చెప్పుదురు. ఉత్తరదేశపు ఉరుదూలో ఇట్టి వాక్యమునకు మొదటనే ‘కి’ యను పదము వచ్చును. తెలుగు ‘అని’ చేయు పనిని దక్కనీలో ‘బోల్‌కే’ చేయుచున్నది. ‘నాకు కావాలె’ అనుటకు దక్కనీలో ‘మేరేకు హోనా’ అందురు. ‘వద్దు’ అనుటకు మరాఠీనుండి వచ్చిన ‘నక్కో’ వాడుదురు. తెలంగాణపు తెలుగును తన వంతున జల్ది, జర, సడక్, కిరాయి, పరేషాన్ మొదలగు పదములను స్వీకరించినది. శబ్దములు మాత్రమేగాక వాక్యనిర్మాణము సైతము మారుటకు తరతరముల సంభాషణము కావలెను. ఎవరును పాఠము చెప్పకయే నగరజనులు ఒండొరుల భాషలను నేర్చికొనిరనుటకు దీనికి మించిన సాక్ష్యము లేదు.

ఈ రెండు వీథిభాషలకును తొలి వ్యాకరణములలో చేరదగినవానిని వ్రాసినవాడు ఒక్కడే. మదరాసున నుండిన జర్మను మిషనరీ బెంజమిన్ షుల్జ్ 1728లో తెలుగు వ్యాకరణమును లాటినుభాషలో రచించెను. అతని హిందుస్తానీ వ్యాకరణము 1745లో హాలె నగరమున ముద్రితమయ్యెను. అందు వర్ణితమైనది దక్షిణదేశపు హిందుస్తానీ యని పండితులు గుర్తించినారు. జనులతో మాటాడుట వృత్తిగాగల మిషనరీ చెవికి వినబడిన భాషనే వ్రాసెను.

మదరాసు కళాశాల

పరభాషీయులకు తెలుగు బోధించుట వ్యవస్థగా నేర్పడినది 1812లో. ఆ సంవత్సరమున ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ పూనికతో మదరాసున సెంటుజార్జికోట కళాశాల స్థాపితమయ్యెను. ఇంగ్లాండునుండి వచ్చిన యువోద్యోగులు మండలములకు పోవుటకు ముందు అందు దేశభాషలను నేర్చి పరీక్షలిచ్చెడివారు. వేదము పట్టాభిరామశాస్త్రి, రావిపాటి గురుమూర్తిశాస్త్రి వంటి విద్వాంసులు ఆ కళాశాలలో పనిచేసిరి. 1816లో అలెగ్జాండర్ డంకన్ క్యాంబెల్ రచించిన తెలుగు వ్యాకరణము ప్రకటింపబడెను. తెలుగు సంస్కృతజన్యము కాదని, తమిళకన్నడాదులతోడి కుటుంబమునకు చెందినదని ఎల్లిస్ నిరూపించిన యుపోద్ఘాతము ఆ గ్రంథముననే యున్నది. అంతకు ముందు 1814లో విలియం కేరీ శ్రీరామపురమునుండి తెలుగు వ్యాకరణమును ప్రకటించియుండెను.

ఈ గ్రంథములు భాషాశాస్త్రమునకు చేసిన సేవ గొప్పది. సంభాషణమునకు మాత్రము అవి చాలకపోయెను. నాడు బోధనకు ప్రమాణములు కావ్యములును, సంప్రదాయ వ్యాకరణములును. వానిని చదివి పరీక్ష నెగ్గిన యుద్యోగి కచ్చేరికి పోగా, రైతు చెప్పుకొను మొఱ యతనికి తెలియకుండెను. అతడు పలికిన గ్రాంథికవాక్యము రైతునకు నవ్వు పుట్టించెను. నడుమ దుబాసీ నిలువవలసివచ్చెను. భాష రాని యధికారికిని, దిక్కులేని రైతునకును నడుమ దుబాసీ చెప్పినదే వేదమగుటచే, ఈ లోపము విద్యావిషయము మాత్రమే గాక న్యాయవిషయము కూడ నయ్యెను.

ఈ కొఱతను తీర్పబూనినవారిలో చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ అగ్రగణ్యుడు. 1798లో కలకత్తాలో పుట్టి, 1817లో మదరాసునకు వచ్చి, కళాశాలలో చదివి, 1820లో కడపలో ఉద్యోగమున చేరెను. వేమన పద్యములను సేకరించి 1829లో ఆంగ్లానువాదముతో ప్రకటించినవాడుగను, 1852, 1853 సంవత్సరముల నిఘంటువుల కర్తగను ఆయన పేరు అందఱు నెఱుగుదురు. సంభాషణాభ్యాసమునకు ఆయన చేసిన సేవ యంతగా ప్రసిద్ధికి రాలేదు. తెలుగు ఆంగ్లములలో సంభాషణలను కూర్చి ప్రకటించెను. వాక్యావళియను గ్రంథమున జాతీయములను, వాడుక వాక్యములను చేర్చెను. 1840 నాటి తన వ్యాకరణమున జనులు పలుకు రూపములకు చోటిచ్చెను. కచ్చేరులలోను, వర్తకమునందును వాడబడు హిందుస్తానీ, పారసీక పదములకు 1854లో మిశ్రభాషా నిఘంటువును సమకూర్చెను. పండితులు తుచ్ఛములని విడిచిన ఈ మాటలు తెలియక ఒక్క దస్తావేజైనను చదువ శక్యము కాదని ఆయన యెఱుగును. ఆయనకు ముందే, 1823లో జె.సి. మారిస్ ప్రకటించిన తెలుగు వాచకమున శిస్తువ్యవహార పదముల పట్టిక చేరియుండెను.

తరువాత మచిలీపట్టణమున మిషనరీగా నుండిన ఆల్బర్టు హెన్రీ ఆర్డెన్ 1873లో క్రమాభివృద్ధి వ్యాకరణమును రచించెను. జనసామాన్య భాషారూపములను ముందు నేర్పి, గ్రాంథికరూపములను వేఱుభాగమునకు తప్పించుట దీని విశేషము. ఒకేసారి రెండు భాషారూపములను నెత్తికెత్తుకొని కుంగిపోవుచుండిన విద్యార్థికి ఈ యేర్పాటు గొప్ప యుపకారము చేసెను. ఈ గ్రంథము ఇరువదవ శతాబ్దిలోను పలుమారులు పునర్ముద్రితమగుటయే దాని యుపయోగమునకు సాక్ష్యము.

వాడుకభాషావాదమునకు మూలము

తెలుగు పాఠశాలల యందు ఈ ప్రశ్న తలయెత్తుటకు కారణము సైతము తెలుగు నేర్చుచున్న యొక పరభాషీయుడే. 1906 ప్రాంతమున ఉత్తరకోస్తా పాఠశాలలకు పర్యవేక్షకుడైన జె.ఎ. యేట్సు, పిల్లలు ఇండ్లలో పలుకు తెలుగునకును, పుస్తకములలోని తెలుగునకును గల దూరమును జూచి దాని కారణము నడిగెను. విశాఖపట్టణమున ఎ.వి.ఎన్. కళాశాలాధ్యక్షుడగు పి.టి. శ్రీనివాసయ్యంగారు అతనిని గురజాడ అప్పారావు, గిడుగు రామమూర్తిగార్ల యొద్దకు పంపెను. అప్పటినుండి సాగిన వాదప్రతివాదములు సర్వవిదితములు. పుస్తకభాషకును సంభాషణమునకును గల యంతరమును గురజాడ యంతకు ముందే 1897లో ప్రకటించిన కన్యాశుల్కమున హాస్యముగా జూపియున్నాడు. ఇంటివారు ఇంగ్లీషు మాటాడుమని కోరగా, గిరీశము, వెంకటేశములు బాలగీతములను, పాఠపుస్తకపు వాక్యములను ఒకరికొకరు అప్పగించుకొని, అదియే సంభాషణమని నమ్మింతురు. ఏండ్లకొలది చదివియు ఒక్కమాట యాడలేని విద్యకు ఆ ఘట్టము సరియైన చిత్రము.

గిడుగు రామమూర్తిగారు వాదముతో నాగలేదు. తామే పరభాషను సంభాషణముద్వారా నేర్చి చూపిరి. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నుండి, మన్యపు సవరల భాషకు లిపిగాని గ్రంథముగాని లేకున్నను, తెలుగు తెలిసిన సవరను ఇంట నుంచుకొని వారి మాటలను విని, వ్రాసికొని, మరల పలికి సరిచూచుకొనిరి. సవరలకు వారి భాషలోనే చదువు చెప్ప యత్నించిరి. ఆయన సవరభాషా వ్యాకరణము 1931లోను, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లోను వెలువడినవి. పుస్తకము లేనిచోట పలుకువాడే పుస్తకమని దీనివలన స్థిరపడెను. ఆయన మార్గమున ముందు వినుట, పిమ్మట పలుకుట, ఆ తరువాతనే వ్రాత, కడపట వ్యాకరణము.

ఐరోపా, అమెరికాలయందును ఇదే కాలమున ఈ యభిప్రాయమే బలపడుచుండెను. 1882లో జర్మనీయందు విల్‌హెల్మ్ ఫియెటర్ భాషాబోధన తలక్రిందులుగా మారవలెనని చాటెను. 1878లో అమెరికాలో మాక్సిమిలియన్ బెర్లిట్జ్ స్థాపించిన పాఠశాలలో బోధన యంతయు నేర్పు భాషలోనే జరుగుచుండెను. రెండవ ప్రపంచయుద్ధమున అమెరికా సైనికులకు ఎన్నడును వినని భాషలు కొద్దినెలలలో రావలసివచ్చెను. భాషావేత్త ఒకడు వాక్యములను క్రమపఱచి యిచ్చుట, స్వభాషీయుడొకడు వానిని పలుకుట, విద్యార్థి దినమునకు బహుగంటలు వానిని పలికి పలికి వశపఱచుకొనుట అను పద్ధతి 1941 మొదలు 1943 వఱకు ప్రభుత్వాశ్రయమున విస్తరించెను. ఈ పద్ధతి ననుసరించి లీ లిస్కర్ రచించిన వ్యావహారిక తెలుగు ప్రవేశిక 1963లో అమెరికా విద్వత్సంఘముల సమితిచే ప్రకటింపబడెను.

తార్నాక విద్యాసంస్థలు

హైదరాబాదు రాజ్యమున భాషాభ్యాసపు దిశ వేఱుగా నుండెను. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనాభాష ఉరుదూ. ఇంగ్లీషు నిర్బంధ పాఠ్యము. ప్రజలలో అధికసంఖ్యాకుల భాష తెలుగైనను, తెలుగుబాలుడే పైచదువునకై ఉరుదూను నేర్వవలెను. వచ్చిన యుద్యోగికి తెలుగు నేర్వక జరుగుచుండెను. 1921లో హైదరాబాదున జరిగిన సంఘసంస్కార సభలో ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున మాటాడబోగా సభికులు గేలిచేసిరి. ఆంధ్రజనసంఘము పుట్టుటకు అదియే కారణమయ్యెను. ఎవరిభాష నెవరు నేర్వవలెనను ప్రశ్నకు బుద్ధిబలము గాక అధికారబలము సమాధానము చెప్పుచుండునని యీ సంఘటన తెలుపుచున్నది. 1948లో రాజ్యము భారతదేశమున విలీనమైన పిదప ఈ స్థితి మాఱెను.

విశ్వవిద్యాలయ ప్రాంగణమునకు ఆనుకొని తార్నాక దారిలో రెండు ప్రయత్నములు మొలకెత్తినవి. మొదటిది 1958లో స్థాపితమైన ఇంగ్లీషు కేంద్రసంస్థ. బ్రిటీషు కౌన్సిలు, ఫోర్డు ఫౌండేషనుల సాహాయ్యముతో నేర్పడిన దీని యుద్దేశము ఇంగ్లీషు ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చుట. కన్నడకవి వి.కె. గోకాక్ దీనికి అధ్యక్షుడుగా నుండెను. 1972లో విదేశభాషలును చేరి పేరు మాఱెను. 2006 నాటి చట్టముచే ఇది కేంద్రవిశ్వవిద్యాలయమయ్యెను. భారతీయులు పలుకు ఇంగ్లీషు ఇతరుల కెంతవఱకు బోధపడునను విషయమును ఆర్.కె. బన్సల్ పరిశోధించి వ్రాసిన గ్రంథము 1969లో ఈ సంస్థనుండియే వెలువడెను. మాట శుద్ధమా కాదా యనుటకంటె వినువానికి తెలిసెనా లేదా యనునది సంభాషణకు కొలబద్ద యని ఈ గ్రంథ విషయమే సూచించుచున్నది.

రెండవది 1962లో ఉస్మానియాలో నేర్పడిన భాషాశాస్త్రశాఖ. దానికి భద్రిరాజు కృష్ణమూర్తిగారు (1928–2012) ఆచార్యులైరి. ఆయనయు, పి. శివానందశర్మగారును కలిసి పరభాషీయులకై రచించిన ఆధునిక తెలుగు ప్రాథమిక పాఠావళి 1968లో హైదరాబాదున వెలువడెను. సంభాషణలతో నారంభించి, వానినుండి వ్యాకరణమును బోధించుట దాని పద్ధతి. 1985లో జె.పి.ఎల్. గ్విన్‌తో కలిసి ఆయన ఆధునికభాషా వ్యాకరణమును ప్రకటించెను. ఆయన పర్యవేక్షణమున వెలువడిన మాండలిక వృత్తిపదకోశములలో వ్యవసాయ సంపుటము 1962లోను, చేనేత సంపుటము 1971లోను సాహిత్య అకాడమీచే ముద్రితము లయ్యెను. నిఘంటువులకెక్కని నాగలి, మగ్గముల మాటలను రైతులనుండియు, నేతవారినుండియు సేకరించుటచే ఇవి బ్రౌను ప్రయత్నమునకు నిజమైన కొనసాగింపులు.

1969లో మైసూరున స్థాపితమైన భారతీయభాషా కేంద్రసంస్థ, తన ప్రాంతీయకేంద్రముద్వారా ఇతరరాష్ట్రముల ఉపాధ్యాయులకు పదినెలలలో తెలుగు నేర్పు తరగతులను నడపినది. శిక్షితుడైన గురువు, పూర్ణకాలపు విద్యార్థి యున్నచో పదినెలలు చాలునని దీనివలన తెలియును. తార్నాకనుండి ఉప్పలు వఱకు గల మార్గమునందలి రసాయన, భూభౌతిక, జీవశాస్త్ర పరిశోధనసంస్థలకును, ఉప్పలులోని సర్వేక్షణశాఖ శిక్షణసంస్థకును వచ్చిన పరరాష్ట్రీయులలో చదువరులకు ఇట్టి గ్రంథములును తరగతులును అందుబాటులో నున్నవి.

నాచారము కార్మికులు

నాచారము ఇరువదవ శతాబ్ది యుత్తరార్ధమున పరిశ్రమవాడగా పెరిగెను. అచ్చటి కర్మాగారములలోను, ఉప్పలు పరిసరములందలి గృహనిర్మాణములందును పనిచేయుటకు ఒడిస్సా, బీహారు, ఉత్తరప్రదేశములనుండి కార్మికులు వచ్చుచున్నారు. పైని పేర్కొనబడిన బోధనగ్రంథములలో పెక్కు ఇంగ్లీషు తెలిసినవారికై వ్రాయబడినవి. కార్మికునకు ఇంగ్లీషు రాదు. పదినెలల తీరికయు లేదు. అయినను అతడు నేర్చును.

అతని యభ్యాసక్రమమును గమనించినచో ప్రథమమున నలవడునవి విధిరూపములు: రా, పో, ఆగు, పట్టు, దించు, ఎత్తు. పని చెప్పువాడు పలుకునవి ఇవే; వెంటనే చేయవలసిన చేష్టయే వీనికి అర్థము. తరువాత అంకెలు, కూలి లెక్కకును కూరగాయల వెలకును. పిదప కావాలె, వద్దు, ఉన్నది, లేదు, తెలుసు, ఎంత, ఎక్కడ. ఈ కొలది మాటలతో నొకదినము గడచును. ‘నాకు కావాలె’, ‘నాకు తెలుసు’ అను వాక్యములు హిందీవానికి కష్టము కావు. అతని భాషలోను ‘ముఝే చాహియే’, ‘ముఝే మాలూమ్’ అని చతుర్థ్యర్థమే వచ్చును. ఒడియావాడును ‘మోతే’ యను రూపముతో నిట్లే పలుకును. క్రియ వాక్యాంతమున వచ్చుట ఈ భాషలన్నిటికిని సామాన్యధర్మము. కావున వాక్యపు చట్రము మారదు, మాటలు మాత్రమే మారును. ఇంగ్లీషువానికి మొదటినెలలో తల తిరుగజేయు విషయము వీరికి మొదటివారముననే స్వాధీనమగుట కిది కారణము.

కష్టములును గలవు. హిందీలో ‘హమ్’ ఒక్కటియే. తెలుగున వినువానిని చేర్చుకొన్న ‘మనము’, చేర్చుకొనని ‘మేము’ వేఱు. పని చెప్పువారు ఏకవచనమున పిలుచుటచే క్రొత్తవాడును అందఱిని ‘నువ్వు’ అనును; పెద్దవారి కోపమునకు గుఱియై ‘మీరు’ అనుట నేర్చును. అంగడి యామెను ‘అక్కా’ యని, తోటివానిని ‘అన్నా’ యని పిలిచిననాడు అతనికి భాషయే గాక మర్యాదయు తెలిసెనని చెప్పవచ్చును. మఱియొక చిక్కు ప్రాంతభేదమువలన వచ్చును. పాఠ్యగ్రంథములలోని ప్రామాణికభాష ముఖ్యముగ మధ్యకోస్తా విద్యావంతుల వాడుక ననుసరించినది. అందు ‘ఎక్కడికి వెళ్తున్నారు’, ‘ఎలా ఉన్నారు’ అని యుండును. నాచారమున వినవచ్చునది ‘ఏడికి పోతున్నవ్’, ‘ఎట్లున్నవ్’ అని. పుస్తకముతో వచ్చినవాడు వీథిలో మరల చదువు మొదలిడవలెను. పుస్తకము లేనివానికి ఈ యొక్క విషయమున మేలు; అతడు స్థానికభాషనే నేర్చును.

అయితే పుస్తకము లేని విద్యకు హద్దు గలదు. హైదరాబాదున హిందుస్తానీ యందఱికిని కొంత తెలియుటచే క్రొత్తవాడు పనికి వలసినంత తెలుగుతోనే యాగిపోవును. ఇచ్చటి దక్కనీ అతనికి ఊతకఱ్ఱ; ఆ యూతయే కొన్నాళ్లకు నడకను ఆపును. ఆసుపత్రిలో నొప్పి యెట్టిదో చెప్పవలసినపుడు, కూలి తక్కువ వచ్చినదని వాదింపవలసినపుడు, కాగితముమీద వ్రాలు చేయుటకు ముందు దానిలో నేమున్నదో యడుగవలసినపుడు ఆ కొలది మాటలు చాలవు. నాడు రైతునకు దుబాసీ యెట్లో నేడు కార్మికునకు గుంపుమేస్త్రీ యట్లు. అతడు చెప్పినదే మాట. పందొమ్మిదవ శతాబ్దిని కచ్చేరిలో కనబడిన యన్యాయమే పాత్రలు మాఱి యిచ్చట కనబడుచున్నది: నాడు భాష రానివాడు అధికారి, నేడు కూలివాడు, రెండు వేళలను నష్టపడువాడు బలహీనుడే.

తెలంగాణ ప్రభుత్వము 2018లో చేసిన చట్టముచే రాష్ట్రమందలి పాఠశాలలలో ఒకటవ తరగతినుండి పదవ తరగతివఱకు తెలుగు నిర్బంధ పాఠ్యమయ్యెను. అది క్రమక్రమముగ అమలునకు వచ్చినది. పరరాష్ట్ర కార్మికుల పిల్లలలో బడికి పోవువారు ఇట్లు తెలుగు నేర్తురు. ఇంట తల్లిదండ్రులకు వారే దుబాసీలగుదురు. పదేండ్ల బాలిక తన తల్లి వ్యాధిని వైద్యునకు వివరింపవలసివచ్చుట హర్షింపదగినది కాదు. పెద్దలకు నేర్పు మార్గమును వెదకవలసియున్నదని యది తెలుపుచున్నది.

ఫలితాంశము

ఈ చరిత్రనంతటిని పరికింపగా మూడు విషయములు తేలుచున్నవి. సంభాషణభాష శీఘ్రముగ నబ్బుటకు అవసరమును, ఎదుట నిలిచి మాటాడు స్వభాషీయుడును ఉండవలెను. ఇబ్రహీం కుతుబ్‌షాకును, గిడుగువారికిని, నాచారపు కూలికిని ఈ రెండును సమానమే. నేర్పుభాష ఆ స్థలమున నిజముగ పలుకబడునది కావలెను; ఈ నియమమును పాటించిన బ్రౌను, ఆర్డెనుల గ్రంథములు నిలిచినవి. నేర్చువాని స్వభాషద్వారమున బోధ నడువవలెను. ఈ మూడవదియే యింకను నెఱవేఱ లేదు. ఇంగ్లీషువానికొఱకు రెండువందల యేండ్లుగా వ్యాకరణములు, సంభాషణలు, నిఘంటువులు పుట్టినవి. హిందీవానికి, ఒడియావానికి వారి భాషలద్వారా నాచారపు తెలుగును నేర్పు చిన్నపుస్తకమునకు, చదువురానివానికై చెవితో వినదగిన పాఠములకు అట్టి శ్రద్ధ చూపబడలేదు.

అది దుష్కరకార్యము కాదు. వృత్తిపదకోశములకై రైతులను, నేతవారిని ఆశ్రయించిన పద్ధతినే కర్మాగారమునకు, కట్టడపు పనికి వర్తింపజేయవచ్చును. కార్మికులు మొదటి నెలలో నేర్చు మాటలేవి, వారు తడబడు తావు లేవి, ఆసుపత్రిలో, కార్యాలయములో వారికి కావలసిన వాక్యములేవి యని వారినే యడిగి సేకరింపవలెను. స్థానికుల యుచ్చారణను వినిపించి, నేర్చువాని లిపిలో వానిని వ్రాసి యీయవలెను. భాషాశాస్త్రశాఖయు, భాషావిశ్వవిద్యాలయమును నాచారమునకు కొద్దిదూరముననే యున్నవి. ఆ శాస్త్రమునకు వలసిన ప్రమాణసామగ్రి ప్రతిదినము ఉప్పలు కూడలిలో పలుకబడుచునే యున్నది.